తెలుపు మీద తెలుపు

మేడల మీద తెల్లరంగు వేసేవాళ్ళలో ముసుగక్కను ఎరగనివాళ్ళు లేరు. ఆమె ముఖం చూసినవాళ్ళు మాత్రం తక్కువ. తలా ముఖమూ చుట్టి పాత చీరముక్క, ఒంటికి మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా, చేతులకు వేళ్ళ దగ్గర కత్తిరించిన మేజోళ్ళు. బయటపడే ముక్కుకొనకు పూటకోసారి క్రీము. తోటి పనివాళ్ళు ఆటపట్టించేవారు.

"అక్కా, లోపల ఉన్నది నువ్వేనా, నీ బదులు ఇంకెవర్నన్నా పంపావా?"

"నేనేలే. నీ రంగు పట్టీ వంకర పోతోంది, ముందది చూసుకో."

ఎండంటే అంత భయానికి కారణం వాళ్ళమ్మ. ఇటుకలు ఆరబెట్టే పనిలో బతుకంతా ఎండలోనే గడిపిన మనిషి. ముక్కు పక్కన పుట్టిన చిన్న పుండు మూడేళ్ళు మానలేదు. సగం చెంప తినేసి, ఆఖరికి మనిషినే తీసుకుపోయింది. ఎండ వల్లే వచ్చిందన్నారు ఆస్పత్రిలో. అప్పటికి అక్కకు ఇరవై, చెల్లికి ఆరు. ఎండను చూస్తే పామును చూసినట్టు బెదిరే అక్కకు దొరికిన పని మళ్ళీ ఎండలోనే. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో "చెల్లి నా అంత ఎత్తు కానీ" అనేది. చెల్లి ఆమెను మించి ఎదిగింది. ఈలోగా అడిగేవాళ్ళు అడగడం మానేశారు.

వాళ్ళది వేసవి పని. ఇంట్లోకి వేడి దిగకుండా మేడ మీద తెల్లరంగు రెండుసార్లు వెయ్యాలి. మొదటిసారి వేసింది ఆరాక, దాని మీదే రెండోది. చిక్కంతా ఆ రెండోదానితోనే. తెలుపు మీద తెలుపు వేస్తున్నప్పుడు ఎక్కడ వేశామో, ఎక్కడ వదిలేశామో తెలియదు. తడి తెలుపు మెరుస్తుంది, ఆరిన తెలుపు మెరవదు. ఉన్న తేడా అంతే. అలా వదిలేసిన చోటును వాళ్ళు కిటికీ అంటారు. నల్లద్దాలు పెట్టుకుంటే ఆ కాస్త తేడా కూడా చచ్చిపోతుంది. అందుకని రంగు ఆరకముందే ఒకరు అద్దాలు తీసి, మోకాళ్ళ మీద వంగి, సూర్యుడికి ఎదురుగా ముఖం పెట్టి మేడంతా వెతకాలి. పద్నాలుగేళ్ళుగా ఆ ఒకరు అక్కే.

ఎండ పైనుంచి వస్తుందని ఆమెకు తెలుసు, దానికి తగ్గట్టే ఒళ్ళంతా కప్పుకుంది. అది కిందినుంచి కూడా లేస్తుందని, ముసుగు అంచు కింద దూరి కళ్ళలోకి పోతుందని ఎవరూ చెప్పలేదు.

మొదట ఇసుక పడ్డట్టు గరగర. తరవాత ఎడమకంట్లో, ముక్కు వైపు మూల, ఎర్రటి కండ ఒకటి లేచి నల్లగుడ్డు మీదికి పాకింది. ఒకసారి కోయించుకుంది. మూడు నెలలు ఎండలోకి వెళ్ళొద్దన్నారు. పంతొమ్మిది రోజులు ఇంట్లో కూర్చుంది. ఇరవయ్యో రోజు మేడెక్కింది. కోసిన కండ ముందుకంటే మందంగా మళ్ళీ పెరిగింది.

కిందటి వారం కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు చెల్లి తోడు వచ్చింది.

"ఎడమ కన్ను ఇక ఇంతేనమ్మా. కోసినా మచ్చ ఉండిపోతుంది. కుడికంట్లోనూ కండ నడిమి దాకా వచ్చేసింది" అంది డాక్టరమ్మ. తలుపు దగ్గర నిలబడ్డ చెల్లిని చూసి, "నువ్వూ అదే పనా? ఇలా వచ్చి కూర్చో" అంది.

దీపం వేసి చాలాసేపు చూసింది.

"నీకూ మొదలైంది. ఇంకా బియ్యపుగింజంతే ఉంది. ఇప్పుడు జాగ్రత్తపడితే అక్కడే ఆగొచ్చు. ఎండలో అద్దాలు తీశావో, నీదీ మీ అక్క దారే."

తన కళ్ళ గురించి విన్నది అక్క మనసులో నిలవలేదు. చెల్లి గురించి విన్నదే నిలిచింది. కిందటేడు తన చూపు మసకబారినప్పుడు చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, "అద్దాలు తీసి చూడు, అప్పుడే తెలుస్తుంది" అని నేర్పింది తనే. చెల్లి మూడో రోజుకే కిటికీలు పట్టేస్తుంటే మురిసిపోయింది కూడా.

చెల్లి ఫోన్లు బాగుచేయడం నేర్చుకుంటోంది. వెంట్రుకంత తీగలు అతికించే పని. వానలు పడేసరికి దుకాణంలో కూర్చోబెడతానన్నాడు యజమాని. ఇంకా నలభై రోజుల ఎండ ఉంది. ఈ నలభై రోజులూ పిల్ల అద్దాలు తీయకుండా గడిస్తే చాలనుకుంది అక్క. పక్కల నుంచి కూడా వెలుగు దూరని కొత్త అద్దాలు కొని తనే తగిలించింది.

"ముఖం మీద నుంచి ఇవి కదలకూడదు."

"స్నానానికి తీయొచ్చా?"

"తలుపేసుకుని తియ్యి."

కుడికన్ను సంగతి మాత్రం మేస్త్రికి చెప్పలేదు.

ఆ రోజు పని మందుల గోడౌను మీద. "ఒక్క కిటికీ ఉండకూడదక్కా, లోపల మందులు పాడైపోతాయి. నువ్వున్నావుగా, నాకేం దిగులు" అని మేస్త్రి మిగతా మేడలు చూడటానికి వెళ్ళిపోయాడు. పన్నెండు దాటాక రెండోసారి రంగు పూర్తయింది. అక్క వంగి, ఎప్పట్లాగే తల అటూ ఇటూ వాలుస్తూ, తడి రంగు అంచు వెంట ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. ఎదురుగా ఉన్నది ఒకటే వెలుగు, పాలు ఒలికినట్టు. అందులో మెరిసేదేదో మెరవనిదేదో తెలియలేదు.

"ఏం లేవు" అంది, తిరిగొచ్చిన మేస్త్రితో.

అతను మెట్ల దగ్గరే ఆగిపోయాడు. "ఇదేంటక్కా? అదిగో ఒకటి, అక్కడింకోటి. నాకు ఇక్కడికే కనబడుతున్నాయి." కాసేపు ఆమె వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "కళ్ళు పోయాయా?"

అక్క ముసుగు అంచు ముందుకు లాక్కుంది.

"ముందే చెప్పొద్దూ. నేను నాలుగు మేడలు తిరిగేవాణ్ణి, ప్రతిచోటా కూర్చుని వెతకలేను. మీ జట్టులో చూసేవాళ్ళు లేకపోతే ఈ వేసవికి ఇంకో జట్టును పిలుచుకుంటా. ఏమనుకోకు."

"మా జట్టులో ఉన్నారన్నా" అంది చెల్లి. అప్పటికే అద్దాలు నుదుటి మీదికి నెట్టేసింది.

మేస్త్రి తల ఊపి దిగిపోయాడు.

"పెట్టుకో" అంది అక్క.

"రంగు ఆరిపోతోందక్కా."

"పెట్టుకోమన్నానా. నేను చూస్తా."

"సరే, చూపించు. ఎక్కడుంది?"

అక్క చుట్టూ చూసింది. వేలు పెట్టి ఒకచోటు చూపించింది. చెల్లి అటు చూసింది.

"అక్కడ బాగానే ఉంది. నీ కాలి పక్కనుంది."

అక్క కిందికి చూసింది. తన పాదం చూసింది. పాదం పక్కన తెలుపు చూసింది.

చెల్లి మోకాళ్ళ మీద వంగి, సూర్యుడికి ఎదురుగా ముఖం పెట్టింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ వెతకసాగింది. అక్క చప్పుడు కాకుండా వెళ్ళి ఎండకూ ఆ పిల్లకూ మధ్య నిలబడింది. ముసుగు విప్పి, రెండు చేతులతో చాపి పట్టుకుంది. నీడ చెల్లి ముఖం మీద పడింది.

"అడ్డం తప్పుకో అక్కా" అంది చెల్లి తల ఎత్తకుండా. "నీడలో తెలియదు."

అక్క చేతులు దించింది. పక్కకు జరిగింది.