ఎరుయేటి గుంజలు

తెల్లవాళ్ల సైన్యం ఫిరంగి పడవ వైకాటో నదిలోకి వచ్చిన రోజే, మలుగుచేపలు పట్టేందుకు మా ఊరి ఎరుయేటి వాళ్ల తాత కట్టిన గుంజల వరసను విరగ్గొట్టేసింది. మావాళ్లు సైన్యం వచ్చే బాటకు ఎదురుగా కందకాలు తవ్వుకుని కూర్చుంటే, అది నదిమీద వచ్చి సిపాయిలను మా వెనక దింపింది. యుద్ధం ఓడిపోయాం, పొలాలూ పోయాయి. ఫిరంగులు తీసేసిన అదే పడవ తర్వాత పిండిబస్తాలు మోసేది. ఎరుయేటికి డెబ్బై దాటినా, ఎడమ మోకాలు వంగకపోయినా, ఏటా మలుగులు సముద్రానికి దిగివచ్చే కాలానికి నడుములోతు నీళ్లలో నిలబడి మనుకా చెట్టు కర్ర గుంజలు అదే చోట మళ్లీ పాతేవాడు. వాడుక ఆగిన చోటు మీద హక్కు ఉండదని మా పెద్దలు అంటారు. వారం తిరక్కుండా పడవ వాటిని తొక్కేసేది.

ఆయన్ని చివరిసారి చూసిన రోజూ అంతే. "ఒరేయ్ ముసలోడా, ఈ గుంజలెవడివిరా?" అని పడవ మీంచి కెప్టెన్ అరిచాడు. "నావే! మా తాతవి!" అని ఎరుయేటి అంతకంటే గట్టిగా అరిచాడు. పడవ వాటిని విరుచుకుంటూనే వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. "ఒక్క చేపా పడదు. ఎందుకు తాతా ఈ చాకిరీ?" అన్నాను. ఆయన విరిగిన ముక్కలు ఏరుకుంటూ నవ్వాడు.

"చేపల కోసమనుకున్నావా, పిచ్చోడా? ఎవడివని వాడు ఏటా అడుగుతున్నాడు. నావని చెప్పడానికి ఇక్కడో మనిషుండాలి కదరా."