ఎడమచేతి గిన్నె

మా లేతు మావయ్య పోయారు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తిని, లుంగీ దులుపుకుని, కుర్చీలో కాసేపు కళ్ళు మూసుకున్నారు. టీ వేళయిందని అత్త పిలిస్తే పలకలేదు. ఆవిడ కేక విని కుట్టుమిషను వదిలేసి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి చెయ్యగలిగిందేమీ లేదు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. కంచరపాలెంలో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు మావి. వీధివైపు ఇనుము తిప్పి చెక్కే ఆయన లేతు షాపు, పక్కనే నా టైలరింగ్ షాపు. ఆ లేతు రొదలోనే ఇన్నేళ్ళూ జాకెట్లు కుట్టాను. తలనొప్పి వస్తోందని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఇప్పుడు ఆ రొద లేకపోతే పని సాగడం లేదు.

ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్ల షాఫ్టులు ఆటోల్లో వేసుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు. వంగినవి, అరిగినవి, ఉప్పునీళ్ళు తినేసినవి. మావయ్య వెర్నియర్ కొలబద్ద పెట్టి కొలిచేవారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకునేవారు కాదు, మళ్ళీ బిగించేవారు. కూరలో ఉప్పు కూడా దాంతోనే కొలుస్తారా అని నేను ఏడిపిస్తే, మీ అత్తనడుగు అనేవారు.

కొన్నేళ్ళ కిందట ఆ అత్తకే పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది గానీ కుడిచెయ్యి పడిపోయింది. అన్నం దగ్గరే అసలు కష్టం వచ్చింది. వీధిలో ఎవరింట్లో శుభకార్యమైనా ముందుండి వడ్డించిన మనిషి ఆవిడ. ఒకరి చేత్తో తినిపించుకోవడం ఆవిడకి చిన్నతనం. పోనీ ఎడమచేత్తో తిందామా అంటే, ఆ చెయ్యి అన్నంలో పెట్టడం మనలో ఎంత తప్పో మీకు నేను చెప్పక్కర్లేదు. మావయ్య కలిపి పెడితే రెండు ముద్దలు మింగి మొహం తిప్పేసుకునేది. రోజురోజుకీ చిక్కిపోయింది.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేరనుకుని ఎడమచేత్తో ప్రయత్నించింది. స్టీలు కంచం జారి కింద పడింది. మావయ్య వచ్చేసరికి గదంతా మెతుకులు, మధ్యలో అత్త ఏడుస్తూ ఉంది. ఆయన మెతుకులు ఎత్తేసి, నా షాపులోకి వచ్చి కూర్చున్నారు. అడుగు బరువుగా, అంచు లోపలికి వంగి ఉండే గిన్నె కావాలన్నారు. చెయ్యి ముద్దని ఎటు తోసినా గిన్నె గోడ మళ్ళీ చేతికే అందించాలట. బజారంతా తిరిగారు. అలాంటిది దొరకలేదు.

అప్పుడే కరెంటువాళ్ళు తీగలకి తగులుతోందని మా వీధి చివర పనస కొమ్మ కొట్టేశారు. అందులో ఒక దుంగ భుజాన వేసుకుని వచ్చి, షాఫ్టులు బిగించే చోటే దాన్ని బిగించారు. జీవితంలో ఆయన కర్ర తిప్పడం అదే మొదలు. పచ్చికర్ర రిబ్బన్లు రిబ్బన్లుగా లేచి వచ్చింది. కర్రలోని నీళ్ళు కళ్ళజోడు మీద చిందాయి. పనిలో ఆయన నవ్వడం ఆరోజే చూశాను. సాయంత్రానికి పసుపుపచ్చటి గిన్నె తయారైంది. వెర్నియర్ పెట్టి చుట్టూ కొలిచారు, ఎక్కడా తేడా లేదు. కొబ్బరినూనె రాసి, ఆరడానికి రేకుల మీద పెట్టారు.

మర్నాడు ఎండ ఎక్కాక తీస్తే అది కోడిగుడ్డులా సాగి ఉంది. అంచు నుంచి అడుగుదాకా పగులు. ఆయన వెర్నియర్ తెచ్చి మళ్ళీ కొలిచారు.

“ఇనుం మాటిస్తే మాటే. ఇదేటమ్మా, ఇలాగ మనసు మార్చీసుకుంది?” అన్నారు.

నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి ఆపుకున్నాను. లైనింగు బట్టని మేము ముందే తడిపి, ఆరాకే కత్తిరిస్తాం, లేకపోతే మొదటి ఉతుకుకే జాకెట్ బిగుసుకుపోతుంది, కర్ర కూడా అంతేనేమో అన్నాను. ఆయన పగిలిన గిన్నెని పక్కన పెట్టారు.

“మరి నిన్ననే సెప్పొచ్చు గదా.”

రెండో గిన్నెని దళసరిగా, మొరటుగా తిప్పి, గోనెసంచిలో చుట్టి మంచం కింద నీడలో దాచారు. ఆరాక అసలు రూపు తెద్దామని. ఆ ఎదురుచూపు మాకు నరకంగా ఉండేది. రోజూ పొద్దున్నే సంచి విప్పి, గిన్నె వాసన చూసి, మళ్ళీ చుట్టేసేవారు. కర్ర ఆరేలోపు అత్త ఏమైపోతుందోనని నాకు భయంగా ఉండేది. ఆయనకీ ఉండేది, పైకి అనేవారు కాదు.

ఆ రోజుల్లోనే ఆయన ఎడమచేత్తో తినడం మొదలుపెట్టారు. అత్త ఎదురుగా కూర్చుని, లుంగీ అంతా మెతుకులు పోసుకుంటూ తినేవారు. సిగ్గు లేదా అని అత్త తిట్టింది.

“ఎడం సెయ్యి ఏటి పాపం సేసిందే? అది కూడా మీ అమ్మ కన్నదే గదా” అన్నారు, మీసాలకి పప్పు అంటించుకుని. జబ్బు చేశాక అత్త నవ్వడం అదే మొదటిసారి.

గిన్నె పూర్తయ్యాక ఆయన దాన్ని కొలవలేదు. వేలితో అంచంతా తడిమి చాలన్నారు. జారకుండా అడుగున సైకిలు ట్యూబు ముక్క అంటించారు. ఆ రోజు నుంచి ఇద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని, ఎదురెదురుగా ఎడమచేతులతోనే తినేవారు. అత్త తినడం నేనూ చూడలేదు. కడిగి బోర్లించిన గిన్నె కిటికీలో కనిపించేది, అదే నాకు చాలు. ఒక మనిషిని ఎలా చూసుకోవాలో నేను ఆ గోడ పక్కనుండి నేర్చుకున్నాను.

ఆయన పోయాక అత్త గిన్నె ముట్టలేదు. భీమిలి నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు ముద్ద కలిపి పెడితే పెదాలు బిగించేసేది. ఎదురుగా కూర్చునే మనిషి లేడు, ఇక ఈవిడ తినదు అనుకున్నాం.

పెద్దకర్మ రోజు వీధిలో టెంటు వేసి, బంతి భోజనాలు పెట్టారు. అత్తని కూడా తీసుకొచ్చి కూర్చోబెట్టారు. చెల్లెలు ముద్ద కలపబోతుంటే అత్త నన్ను పిలిచి గిన్నె తెమ్మంది. తెచ్చి అన్నం, పప్పు వేశాను.

“అందరూ సూత్తన్నారక్కా” అంది చెల్లెలు మెల్లగా.

“సూడనీ. మీ బావ కడుపునిండా తినీసి ఎలిపోనాడు. నానెందుకు ఎండాల?”

ఎడమచెయ్యి గిన్నెలో పెట్టింది. అన్నాన్ని అంచుకేసి తోసింది. లోపలికి వంగిన గోడ దాన్ని మళ్ళీ ఆవిడ వేళ్ళలోకే వాల్చింది. ఒక ముద్ద, మరో ముద్ద. నేను గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాసేపటికి అత్త తల ఎత్తకుండానే ఖాళీ గిన్నెని నా వైపు జరిపింది.