కందుల పరీక్ష

పొద్దున షట్టరు ఎత్తగానే ఎవరింట్లోనో కందిపప్పు వేయిస్తున్న వాసన వచ్చింది. రత్నమ్మత్త గుర్తొచ్చి నవ్వాగలేదు. బీదర్‌లో నేను మందుల దుకాణం పెట్టిన కొత్తలో, పక్కనే ఆమెది కందుల టోకు దుకాణం. ఆమె నోటికి బజారంతా హడల్. నాకు మాత్రం మధ్యాహ్నం అన్నం ఆమె డబ్బాలోంచే.

ఆమె భర్త నాగయ్య మామకు చిన్న చిన్న పక్షవాతాలు వచ్చి, మెదడుకు రక్తం సరిగా అందక మతిమరుపు పట్టుకుంది. ఒకప్పుడు గింజ కొరికి అది కమలనగర్ కందో, కుశనూర్ కందో చెప్పిన మనిషి, పాత గిరాకీలనే మీరెవరని అడిగేవాడు. డాక్టరు బీపీ మాత్రలతో పాటు మెదడుకు రక్తం బాగా అందేందుకని ఒక మాత్ర రాశాడు. గుణం తప్పక కనిపిస్తుందని మాటివ్వలేనని, కొన్నాళ్లు వాడి చూద్దామని అన్నాడట.

"పని చేస్తుందని ఎట్ల తెలుస్తది బిడ్డా?" అని అత్త నన్నడిగింది. నేను మాత్రల అట్ట అటూ ఇటూ తిప్పి చూశాను.

"సరే, నేనే పరీక్ష పెడత" అంది.

ఇక రోజూ పొద్దున్నే మామ చేతిలో కందులు పోసేది. "ఏ ఊరివి? చెప్పుండ్రి." మొదట్లో అన్నీ తప్పులే. ఒకరోజు అత్త గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత నుంచి మామ తడుముకోకుండా చెప్పసాగాడు! అత్త బజారంతా పేడా మిఠాయిలు పంచింది. "మా ఆయన మల్ల వాపస్ వస్తుండు" అని నా నోట్లోనూ ఒకటి కుక్కింది.

తీరా ఒకనాడు అత్త చటుక్కున వెనక్కి తిరిగి చూస్తే, దుకాణంలో బస్తాలు మోసే హమాలీ శివన్న ఆమె వెనక నిలబడి, పెదవులు కదిపి ఊరి పేరు అందిస్తున్నాడు.

"ఎన్నడి సంది రా ఇది?"

"మీరు ఏడ్సిన దినం సంది అమ్మా. చూడలేకపోయిన."

అత్త దుకాణం ఎగిరిపోయేలా తిట్టింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. "మందు గాదు సార్, మా శివన్న పని చేసిండు." లేచినప్పుడల్లా మామకు కళ్లు తిరుగుతున్నాయనీ చెప్పింది. డాక్టరు ఆ మాత్ర ఆపేసి, బీపీ మాత్రలు మాత్రం మానొద్దన్నాడు.

ఇప్పటికీ అలాంటి మాత్రలకు ఎవరొచ్చినా, గుణం ఉందో లేదో ఎలా తెలుసుకుంటారని అడుగుతాను. ఆ ప్రశ్న ఆమె దగ్గర నేర్చుకున్నదే. దానితో పాటు ఇంకో పొద్దు కూడా నాలో ఉండిపోయింది. మాత్ర ఆపినా అత్త కందులు పోయడం మానలేదు. ఆ రోజు మామ గింజ కొరికి చాలాసేపు ఆలోచించాడు.

"ఊరు తెల్వదు గని, నువ్వు మా రత్నవు."

అత్త గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.