ఆరు తర్వాత వినిపించిన అంకె

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండేది. మా నూజివీడు తోటల్లో చెట్టుకో కథ ఉంది. అవన్నీ కాయలు ఎవరూ కోసుకుపోకుండా కాపలావాళ్ళు పుట్టించినవేనని నా గట్టి నమ్మకం. దయ్యాన్ని చూశానని ఇప్పటికీ చెప్పను. విన్నది మాత్రం చెబుతాను.

అరవైల మొదట్లో నేను ఇంజనీరింగు చదువుతున్నాను. వేసవి సెలవులకు ఇంటికొచ్చి, కాలేజీలో చూపించాల్సిన రేడియో నమూనా ఒకటి కడుతున్నాను. అది పనిచేసే పద్ధతిని ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ అంటారు. మాట్లాడే గొంతును బట్టి రేడియో తరంగం కంపనాలు కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. అవతల రిసీవరు ఆ హెచ్చుతగ్గులను పట్టుకుని మళ్ళీ గొంతుగా మారుస్తుంది. అప్పట్లో మా వైపు ఈ పద్ధతిలో ప్రసారం చేసే స్టేషనే లేదు. నా రిసీవరులో ఏం వినిపించినా నా ట్రాన్స్‌మిటరు నుంచే రావాలి.

ట్రాన్స్‌మిటరు ఇంటి వసారాలో, రిసీవరు తోటలోని మోటారు షెడ్డులో పెట్టాను. మా తోటలో కాయలు కోసే నాగయ్య రోజూ మధ్యాహ్నం రెండింటికి వచ్చి, స్విచ్చి వేసి, మైకులో పది దాకా అంకెలు చదివేవాడు. మా నాన్న వయసువాడు. కాయలు లెక్కపెట్టినట్టే చదివేవాడు. ఒకటి అనకుండా "లాభం" అనేవాడు. ఆరు తర్వాత "ఆరున్నొకటి". ఏడు అంటే ఏడవమన్నట్టుంటుందని ఆ మాట నోట రానిచ్చేవాడు కాదు. సరిగ్గా చదవవయ్యా అని విసుక్కునేవాణ్ణి.

"చదువుకున్నోరు, మీరనండి అబ్బాయిగారూ. నేననను," అనేవాడు.

రెండు వారాలు గరగర తప్ప ఏదీ తిన్నగా వినపడలేదు. ఒకరోజు రెండు దాటాక హెడ్‌ఫోను పెట్టుకోగానే నాగయ్య గొంతు పక్కనే ఉన్నట్టు వినిపించింది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. అక్కడ ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలై మళ్ళీ ఏడు దగ్గరే ఆగింది.

నా సంతోషం ఇంతా అంతా కాదు. మొండివాణ్ణి దారికి తెచ్చాననుకున్నాను. మీటలు అటూ ఇటూ తిప్పుతూ, స్వరం స్పష్టం అని నోటుపుస్తకంలో రాసుకుంటూ అరగంట కూర్చున్నాను. ఆ తర్వాత గొంతు రాలేదు. ఆటపట్టిద్దామని తీరిగ్గా ఇంటికి నడిచాను.

వసారాలో ఎవరూ లేరు. స్విచ్చి వెయ్యలేదు. స్విచ్చి వేస్తే వేడెక్కే గాజు వాల్వులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఆవకాయకు కాయలు తెమ్మని నాగయ్యను తోట ఆ చివరికి పంపానని, ఇంకా రాలేదని అమ్మ చెప్పింది.

చెప్పులు కూడా వేసుకోకుండా తోట ఆ చివరికి పరిగెత్తాను. కొమ్మ విరిగి, నాగయ్య చెట్టు కింద పడి ఉన్నాడు. తొడ ఎముక విరిగి బయటికి వచ్చింది. కింద మట్టంతా రక్తం. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నోరు కదలడం లేదు. కూలీలను కేకేసి, నులక మంచం మీద రోడ్డు దాకా మోసి, బెజవాడ వెళ్ళే లారీ ఎక్కించాం.

ప్రాణం నిలిచింది. కాలు తీసేశారు. ఇంకో అరగంట ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఆ అరగంట ఎక్కడ పోయిందో నాకొక్కడికే తెలుసు.

ఆ నెలంతా నాకు కుదురు లేదు. కంచం ముందు కూర్చునేవాణ్ణి, లేచిపోయేవాణ్ణి. చివరికి ఉండబట్టలేక నాగయ్య ఇంటికి వెళ్ళి, పడ్డాక ఏం చేశావని అడిగాను. ఊపిరి అందక అరవలేకపోయాడట. తెలివి తప్పితే ఇక లేవనని భయపడి లెక్కపెట్టుకున్నాడట.

"ఏడు అన్నావా?" అని అడిగాను.

తల వంచుకున్నాడు.

"అన్నానండి. ఎలాగూ పోతున్నాను, ఇంకా ఆ పట్టింపు ఎందుకని అనేశాను. పైకి కాదండి, మనసులో. మీకెవరు చెప్పారు?"

తర్వాత నలభై ఏళ్ళు రేడియో పనిలోనే బతికాను. నోరు దాటని మాట నా రిసీవరులోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. నాగయ్యకు మాత్రం ఆ రోజు జవాబు చెప్పలేదు. విన్నానని చెబితే, విని కూర్చున్నానని కూడా చెప్పాలి.