మాస్కు మీది చిల్లు

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆరేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా అక్క తణుకులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. ఊక పొయ్యి ముందు నిలబడి, ఆ పొగంతా మింగి, నన్ను టీచర్ ట్రైనింగ్ చదివించింది. నేను సైన్సు టీచర్నయ్యాను. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు మిగిలింది. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. చెడుగాలి రక్తంలో పేరుకుని మనిషిని మత్తులోకి లాగేస్తుంది.

మొదటిసారి అలా మత్తులో పడినప్పుడు రాజమండ్రి ఆసుపత్రిలో ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టి, బైపాప్ మిషన్ తగిలించారు. పక్కనే కూర్చుని చూశాను. అక్క పీల్చబోతే మిషన్ కనిపెట్టి గాలిని గట్టిగా అందించేది. వదలబోతే తగ్గేది. మళ్లీ పీల్చేదాకా ఆమె కోసం ఆగేది. గొంతులో గొట్టం వేయకుండానే, మధ్యాహ్నానికల్లా అక్క కళ్లు తెరిచి కాఫీ అడిగింది. ఊపిరి గురించి పాఠం చెప్పి చెప్పి అరిగిపోయినదాన్ని, ఆ రోజు చేతులు జోడించి కూర్చున్నాను.

ఇంటికి చిన్న మిషన్ ఇచ్చారు. బిగించడానికి వచ్చినతను, గాలి లీకవకుండా చూసుకోండి మేడం అని మరీమరీ చెప్పాడు. అతను చెప్పింది మాస్కు అంచుల సంగతి. నాకు మాత్రం మాస్కు ముందున్న చిన్న చిల్లు కనిపించింది. అందులోంచి బుస్సుమని గాలి పోతోంది. కుళాయి కారితే గుడ్డ చుట్టేసే చేయి నాది, ఊరుకుంటుందా? మందుల డబ్బాలోంచి ప్లాస్టరు ముక్క తీసి అంటించాను. చప్పుడు ఆగింది. ఎంత మురిసిపోయానో.

అక్క వదిలిన గాలి బయటికి పోవడానికే ఆ చిల్లు పెట్టారు.

ఆ మధ్యాహ్నం అక్క హాయిగా నిద్రపోతోందనుకున్నాను. పక్కింటావిడ వస్తే, ఇన్నాళ్లకి నిద్ర పట్టిందండి అని గుమ్మంలోంచే పంపేశాను. నాలుగింటికి కాఫీ కలిపి లేపితే లేవలేదు. మాస్కు తీసేసి అంబులెన్సు పిలిచాను. రావులపాలెంలో అరటిగెలల లారీల వెనక బండి ఆగినప్పుడు, ఒళ్లో ఉన్న మాస్కు కేసి చూశాను. మనం వదిలే గాలిలో ఏముంటుంది? ఎనిమిదో తరగతి పిల్లల్ని ఏటా నేనడిగే ప్రశ్న. అప్పుడు తట్టింది. ప్లాస్టరు పీకి కొంగున ముడేసుకున్నాను.

ఆసుపత్రిలో మళ్లీ అదే వైద్యం, వాళ్ల మాస్కుతో. ఆ గాలే అక్కను మళ్లీ వెనక్కి తెచ్చింది. ఆ వింత రెండుసార్లు చూసిన కళ్లు నావి. మాస్కు సరిగ్గానే పెట్టారా అని డాక్టరుగారు అడిగితే, సరిగ్గానే పెట్టానండి అన్నాను.

ఇంటికొచ్చాక అక్క మాస్కు ముట్టుకోలేదు.

"ఆ మిషన్ నా ఒంటికి పడదే చెల్లీ. అది పెట్టుకునే కదా పోబోయాను."

"పడకపోతే వద్దులే అక్కా."

ఎలా అనగలిగాను? చిల్లు మూసినప్పుడు తెలియక మూశాను. ఈ మాట తెలిసే అన్నాను. నిజం చెబితే ఆమె మళ్లీ మాస్కు పెట్టుకునేది. కానీ నన్ను చూసే చూపు మారిపోతుందేమోనని, నా చదువు చూసి ఆమె పడే గర్వం పోతుందేమోనని దాచేశాను. ఆదివారం చర్చిలో అక్క సాక్ష్యం చెప్పడానికి లేచి, మా చెల్లి చేతులే నన్ను బతికించాయండి అంది. అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను.

ఏడాది తిరక్కుండా అదే మత్తు మళ్లీ వచ్చింది. ఈసారి ఆసుపత్రి దాకా చేరలేదు. మాస్కు పెట్టుకుని ఉంటే ఇంకెన్నాళ్లుండేదో నాకు తెలియదు. తెలియదన్నది కూడా నాకు నేను చెప్పుకునే ఓదార్పేనా?

మిషన్ ఇంకా బీరువాలోనే ఉంది. అప్పుడప్పుడు ఆన్ చేసి, ఆ చిల్లు మీద వేలు పెడతాను. కందిగింజ కూడా పట్టదు. ఒక మనిషి ప్రాణం ఇంత సన్నటి దారి మీద నిలబడుతుందా అని ఇప్పటికీ అనిపిస్తుంది. వేలు పక్కకి తీస్తే గాలి హాయిగా పోతుంది.

అక్కా, ఆ మిషన్ నీకు పడింది. చిల్లు మూసింది నేను. ఇన్నేళ్లకి ఈ మాట బయటికి వదిలాను.