యజమాని కూర్చున్నంతసేపు

దేశంలో ఏ మూల బాంబు పేలినా ఏలూరు తంగెళ్ళమూడిలో హుస్సేన్ ఇంటికి కబురు వచ్చేది. కేసు లేదు, కాగితం లేదు. వచ్చి కూర్చోమనేవారు. పోలీసు స్టేషన్ వరండాలో బల్ల మీద పొద్దుటినుంచి దీపాలు పెట్టేవేళ దాకా కూర్చుని, ఇక పొమ్మన్నాక లేచి దండం పెట్టి వచ్చేవాడు. తుపాకులు బాగుచేసేవాడు, అందులోనూ సాయిబు. ఆ మాట పైకి ఎవరూ అనేవారు కాదు, ఆయనా అడిగేవాడు కాదు. భార్య సకీనా మాత్రం అడిగేది, ఇన్ని వేలమంది ఉన్న ఊళ్ళో మిమ్మల్నే ఎందుకు పిలుస్తారని. పిలిచినప్పుడు వెళ్తే గొడవుండదనేవాడు. ఆ మాటని ఆయన ఎంత నమ్మేవాడో ఆమెకు తెలుసు. వెళ్ళొచ్చిన రోజు అన్నం సగంలో వదిలేసేవాడు.

హుస్సేన్ తండ్రి జాహిద్ కాలంలో వీధి గదిలోనే తుపాకుల రిపేరు షాపు ఉండేది. డెల్టా రైతులు పందుల్ని, కొంగల్ని బెదరగొట్టే తుపాకులు అక్కడికే తెచ్చేవారు. తండ్రి పోయాక లైసెన్సు హుస్సేన్ పేరుమీదికి మారింది. ఆ తర్వాత రెన్యూవలు ఆగిపోయింది. పోలీసు రిపోర్టు రాలేదని కలెక్టరాఫీసువాళ్ళు, ఎప్పుడో పంపామని పోలీసులు. తిరిగి తిరిగి షాపు మూసేసి, అదే గదిలో కుట్టు మిషన్లు, గ్యాసు స్టవ్వులు బాగుచేసుకుంటున్నాడు.

అలా ఉండగా రెండువేల తొమ్మిది ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. లెక్కింపు అయ్యాకే తిరిగిస్తారు. దెందులూరు పక్క పల్లెలో వరి చేలూ చేపల చెరువూ ఉన్న గోపీనాథ్‌కి తండ్రి ఇచ్చిపోయిన జంట గొట్టాల తుపాకీ ఉంది. కిందటిసారి స్టేషన్ గదిలో చెమ్మకి తుప్పుపట్టి వచ్చిందని ఈసారి ముందే శుభ్రంచేసి ఇద్దామనుకున్నాడు. భార్య తులసి వద్దంటున్నా వినకుండా వసారాలో కూర్చుని విప్పేశాడు. విప్పినవన్నీ ఒకే పళ్ళెంలో కిరసనాయిలు పోసి కడిగాడు. అక్కడే చెడింది. కుడి గొట్టానికి ఒక స్ప్రింగు, ఎడమ గొట్టానికి ఒక స్ప్రింగు. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి గాని ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. ఏది ఎటువైపుదో తెలియక బలవంతం చేసి, కుదరక, ముక్కలన్నీ సంచిలో వేసుకుని మోటారుసైకిలు మీద హుస్సేన్ గుమ్మంలో దిగాడు. అప్పగించడానికి ఆ సాయంత్రమే ఆఖరు. ముక్కలుగా పట్టుకెళ్తే మిగతా ముక్కలేవని అడుగుతారు.

నాకు లైసెన్సు లేదు, ముట్టుకోకూడదన్నాడు హుస్సేన్. గోపీనాథ్ అరుగు మీద కూలబడ్డాడు. మీ నాన్నగారు బిగించిన తుపాకీ అండీ, ఇంకెవరి దగ్గరికి పోనన్నాడు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి కాదనడం హుస్సేన్‌కి చిన్నప్పటినుంచీ చేతకాదు.

ఒక్క షరతు పెట్టాడు. అది జాహిద్ నాటి పద్ధతి. వీధి తలుపు బార్లా తీసి ఉండాలి. పనయ్యేదాకా యజమాని స్టూలు మీదినుంచి లేవకూడదు. యజమాని కూర్చున్నంతసేపు ఆ తుపాకీ యజమానిది, హుస్సేన్ చేతిలో పనిముట్లు మాత్రమే ఉన్నట్టు. లేస్తే మాత్రం అది సాయిబు ఇంట్లో దొరికిన తుపాకీ అయిపోతుంది.

"మంచినీళ్ళకైనా లేవకండి. సకీనా ఇస్తుంది" అన్నాడు.

"మా ఆవిడ కూడా ఇంత కట్టడి చేయదండీ" అని నవ్వి గోపీనాథ్ కూర్చున్నాడు.

మేకులు దొర్లిపోకుండా హుస్సేన్ నేలమీద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాడు. తుప్పు గీకాడు. స్ప్రింగుల అరుగుదలని వేలితో తడిమి కుడిదేదో ఎడమదేదో తేల్చడానికే చాలాసేపు పట్టింది. మొదట తనూ పొరబడ్డాడు; తీసి మళ్ళీ పెట్టాడు. కుడివైపు కూర్చుంది. ఎడమవైపు స్ప్రింగుని పట్టుకారుతో అదిమి మేకు దూర్చాలి. అదిమిన చెయ్యి సడలితే అది ఎగిరి మొహం చీరేస్తుంది. రెండు చేతులూ అందులోనే ఉన్నాయి.

అప్పుడు గోపీనాథ్ సెల్ మోగింది. చెరువు దగ్గరనుంచి, మేత లారీ వచ్చిందట. లోపల సరిగా వినబడక లేచి, మాట్లాడుతూ మాట్లాడుతూ వీధిలోకి వెళ్ళాడు. హుస్సేన్ పిలిచాడు. వినిపించుకోలేదు.

స్టూలు ఖాళీ అయిన కాసేపటికే గుమ్మంలో ఖాకీ బట్టలు కనబడ్డాయి. హెడ్ కానిస్టేబుల్ నరసరాజు. హుస్సేన్ కంటే బాగా చిన్నవాడు. ఎన్నికలప్పుడు పిలిచే వాళ్ళ జాబితాలో హుస్సేన్ పేరుంది, రమ్మని చెప్పడానికి వచ్చాడు. చెప్పబోయి ఆగిపోయాడు.

"ఏం హుస్సేనూ, కుట్టు మిషనా ఇది?"

చెమట కంట్లోకి దిగుతోంది, తుడుచుకోడానికి చెయ్యి లేదు. దెందులూరు గోపీనాథ్ గారిదండీ, ఇప్పుడే బయటికెళ్ళారని చెప్పాడు. నరసరాజు వీధిలోకి చూశాడు. ఎవరూ లేరు.

"చేతిలోది కింద పెట్టి లే."

"వదిలితే ఎగిరి కొడుతుందండీ. మేకు దూర్చనివ్వండి."

"లైసెన్సుందా నీకు?"

హుస్సేన్ మేకు మళ్ళీ దూర్చబోయాడు. మేకు దారిలో పడలేదు.

సకీనా వంటింట్లోంచి అంతా విన్నది. కొంగు కప్పుకుని పోలీసు పక్కనుంచే వీధిలోకి నడిచింది. మలుపులో శేషారత్నం సోడా కొట్టు దగ్గర గోపీనాథ్ ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఫోను చెవి దగ్గరే ఉంది గాని మాట్లాడటం లేదు. ఖాకీ బట్టలు చూసే అక్కడ ఆగిపోయాడని ఆమెకి అర్థమైంది.

"ఏవండీ గోపీనాథ్ గారూ, మీ తుపాకీ మా ఇంట్లో ఉందండీ. వచ్చి కూర్చోండి."

"కాసేపు ఆగమ్మా. ఆయన వెళ్ళాక వస్తాను" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆయన ఒక్కడూ వెళ్ళడండీ. మా ఆయన్ని తీసుకునే వెళ్తాడు."

గోపీనాథ్ చెప్పులకేసి చూసుకున్నాడు. కొట్టు దగ్గరున్న అందరూ విన్నారు, ఎవరూ కదల్లేదు. అప్పుడు శేషారత్నం చెయ్యి తుడుచుకుని, గల్లాపెట్టెకు తాళం వేసి బయటికొచ్చింది. సంచి మోసుకుని మీరు ఆ ఇంట్లోకి వెళ్ళడం నేను చూశానండీ, మీరు రాకపోయినా నేనెళ్ళి ఆ మాట చెబుతానంది. చెప్పి ఆగలేదు, సకీనాతో కలిసి నడిచింది. వెనక గోపీనాథ్ చెప్పుల చప్పుడు మెల్లగా వినబడింది.

గదిలో హుస్సేన్ ఇంకా అలాగే ఉన్నాడు, పట్టుకారు బిగించి, పళ్ళు బిగించి. గోపీనాథ్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తుపాకీ నాదే, విప్పింది నేనే, ఈయన వద్దన్నా బతిమాలింది నేనేనని లైసెన్సు పుస్తకం తీసి చూపించాడు. నేను చూశానండీ అంది శేషారత్నం గుమ్మంలోంచి. నరసరాజు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఒక్క హుస్సేన్ మాటైతే ఆయనకి సరిపోయేది కాదు, ఇప్పుడు కాదనడం కష్టమైంది.

"కానీ, బిగించు. ముక్కలు నేను మోయలేను" అన్నాడు.

మేకు దూరింది. చెక్క బిగిసింది, గొట్టాలు మడతబందులో కూర్చున్నాయి. ఖాళీ తుపాకీ మీటలు నొక్కి చూస్తే రెండూ టక్కుమన్నాయి.

తుపాకీని గోపీనాథే అప్పగించాడు. హుస్సేన్ మాత్రం జాబితాలో ఉన్నాడు గనక మామూలుగానే వరండా బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. తేడా ఒక్కటే. ఆ పూట బల్ల మీద ఆయనకి ఒకపక్క సకీనా, ఇంకోపక్క శేషారత్నం కూర్చున్నారు. వీళ్ళెవరని లోపలివాళ్ళు ఒకటికి రెండుసార్లు అడిగారు. తెలిసినవాళ్ళమండీ అంది శేషారత్నం. ఎండ ఉండగానే ముగ్గురినీ ఇంటికి పొమ్మన్నారు.

హుస్సేన్ లైసెన్సు ఇంకా రాలేదు. పేరు జాబితాలోంచి పోలేదు. తుపాకీలో ఆయన బాగుచేయగలిగింది బాగుచేశాడు; మిగిలింది ఆయన పనిముట్లకి లొంగేది కాదు. అది మన చేతిలో ఉంది. మీ వీధిలో ఇలా ఊరికే పిలిచి కూర్చోబెట్టే మనిషి ఉంటే, ఈసారి కబురొచ్చినప్పుడు వెంట వెళ్ళండి. పక్కన కూర్చుని, తెలిసినవాళ్ళమని చెప్పండి. సోమవారం కలెక్టరు గారికి అర్జీలిచ్చే వరసలో మీరూ నిలబడి, ఏ రిపోర్టు రాలేదని ఈ మనిషి పని ఆపారో, ఏ తప్పు చూసి ఆ జాబితాలో పేరు రాశారో అడగండి. చెప్పేదాకా కదలకండి.