గంధం రంగు చీర

భవానీపురంలో మాణిక్యం మ్యాచింగ్ సెంటర్ తెలియని ఆడవాళ్లు లేరు. ఎవరు ఏ చీర తెచ్చినా మాణిక్యం దాన్ని ట్యూబ్‌లైటు కింద ఒకసారి, గుమ్మంలో ఎండకు పట్టి ఒకసారి చూస్తుంది. ఆ తరువాత వెనక్కి తిరిగి, తాన్ల మధ్యనుంచి సరైన జాకెట్టు గుడ్డ లాగి బల్ల మీద పడేస్తుంది. బేరమాడితే పడుతుంది కానీ, రంగు కలవలేదంటే మాత్రం ఊరుకోదు. ఎన్ని పెళ్లిళ్లకు గుడ్డ కత్తిరించిందో ఆమెకే గుర్తులేదు. అలాంటి మనిషికి, సొంత కూతురి పెళ్లిలో తాను ఏ రంగు కట్టుకోవాలో ఇంకొకరు వచ్చి చెప్పారు. ఆ మంట ఈనాటికీ ఆరలేదు. ఆరాల్సిన అవసరమూ లేదు.

కూతురు సాయిశ్రీ, పెళ్లికొడుకు కిరీటి ఒకే బ్యాంకులో పనిచేస్తారు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలు సరేనన్నారు. అంతవరకూ బాగానే ఉంది. పెళ్లి మాత్రం ‘తాతలనాటి పెళ్లి’ అనే థీములో చేయాలని సాయిశ్రీ పట్టుబట్టింది. కంకిపాడు రోడ్డులో ఏసీ ఫంక్షన్ హాలు తీసుకుని, దాని లోపల తాటాకు పందిరి వేయించారు. ఎడ్లబండి, లాంతర్లు, మగవాళ్లకు పంచెలు, ఆకుల్లో భోజనాలు, పైన తిరగడానికి డ్రోన్ కెమెరా. పిల్ల ముచ్చట, తీరనీ అనుకుంది మాణిక్యం.

ఓ మధ్యాహ్నం పెళ్లి ఏర్పాట్లు చూసే రుచిత రెండు రంగుల గుడ్డముక్కలు పట్టుకుని కొట్టుకు వచ్చింది.

“ఆంటీ, స్టేజీ మీద ఉండే లేడీసందరికీ ఈ పసుపు చీరండి, మిరపపండు రంగు అంచు. కింద కూర్చునే పెద్దవాళ్లకి ఈ గంధం రంగు. రెంటికీ జాకెట్లు మీ కొట్లోనే తీసుకోమంది సాయిశ్రీ.”

“ఇస్తాలే. మరి నాదేది?”

రుచిత పసుపు ముక్క మడిచి సంచిలో పెట్టుకుంది. “మీది గంధం రంగాంటీ. మీకు ఫస్ట్ రోలో సోఫా వేయిస్తున్నాం.”

“నేను సోఫాలో కూర్చుంటే కన్యాదానం ఎవరు చేస్తారమ్మా?”

“సాయిశ్రీ వాళ్ల బాబాయ్ గారు, పిన్ని గారు. మీకు చెప్పలేదాండీ? ఆ రోజుల్లో భర్త పోయినవాళ్లు పీటల మీదకి వచ్చేవాళ్లు కాదంట కదా. అన్నీ అచ్చం అప్పట్లాగే ఉండాలంది తను.”

ఇంత మాటనీ ఆ పిల్ల నవ్వు చెరగకుండా అంది. అప్పుడు మాణిక్యం చేతిలో కత్తెర ఉంది, కత్తెర కింద ఎవరిదో జాకెట్టు గుడ్డ ఉంది. అది అడ్డంగా తెగిపోయింది. ఇన్నేళ్లలో ఆమె చేతిలో గుడ్డ పాడవడం అదే మొదటిసారి.

భర్త లారీ కింద పడి పోయేనాటికి సాయిశ్రీకి ఆరేళ్లు. కంకిపాడులో అత్తవారింట్లో, పదో రోజున ఆడవాళ్లు గాజులు పగలగొట్టడానికి వచ్చారు. తల్లి ఒళ్లో ఉన్న పిల్ల రెండు చేతులతో ఆ గాజులను మూసి పట్టుకుంది. “మా అమ్మ గాజులు ముట్టుకోవద్దు” అంటూ ఒకావిడ వేలు కూడా కొరికింది. పసిదాన్ని ఏడిపించలేక, తరువాత చూద్దాంలే అనుకుని వెళ్లిపోయారు. ఆ ‘తరువాత’ అన్నది మాణిక్యం మళ్లీ రానివ్వలేదు. బొట్టుతో, ఎర్ర గాజులతోనే బెజవాడ వచ్చి కొట్టు పెట్టింది. పొద్దున్నే ఆమె మొహం చూడాల్సి వస్తుందని వీధి మారి నడిచినవాళ్లు మొదట్లో చాలామందే. వాళ్లే తరువాత తమ కూతుళ్ల పెళ్లి చీరలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఇప్పుడు కన్యాదానానికి సిద్ధమైన మరిది రామకోటేశ్వరరావు, ఆ కష్టకాలంలో ఒక్క పూటైనా వచ్చి తిన్నారా అని అడిగిన పాపాన పోలేదు.

ఇంటికి వెళ్లేసరికి సాయిశ్రీ సోఫాలో కాళ్లు ముడుచుకుని ఫోను చూసుకుంటోంది. మాణిక్యం గుమ్మంలోనే నిలదీసింది.

“ఫొటోల కోసమేనమ్మా. నిన్ను నిజంగా పక్కన పెడతానా?”

“ఫొటో కోసం నేను విధవనవ్వాలంటే?”

“అబ్బ, అంత పెద్ద మాటెందుకు? థీమ్‌లో అదో భాగం అనుకో.”

“ఆ కాలం మీద నీకంత మోజైతే, ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చో. కిరీటిని నువ్వే చూసుకుని నువ్వే తీసుకొచ్చావుగా, ఆ కాలంలో జరిగేదా అది? నీకు కావలసినవన్నీ ఈ కాలంవి. ఆ కాలం నా ఒక్కదానికేనా?”

సాయిశ్రీ తల ఎత్తలేదు. “బాబాయ్‌కి చెప్పేశామమ్మా. పట్టుపంచె కూడా కొనుక్కున్నాడు. ఇప్పుడు వద్దంటే బాగోదు.”

తల్లిని దిగిపొమ్మంటే బాగుంటుంది, బాబాయిని వద్దంటే బాగోదు. మాణిక్యానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు, కూతుర్ని తినమనీ అనలేదు. తెల్లవారగానే పెళ్లి చేయించబోయే పంతులుగారింటికి వెళ్లింది. శాస్త్రంలో అడ్డం ఉందంటే కనీసం ఆయన మీద కోపం తెచ్చుకోవచ్చనుకుంది.

“తల్లి చెయ్యకూడదని నేనెప్పుడన్నానమ్మా?” అన్నాడాయన. “మొన్న మాఘంలో కూడా ఒక తల్లి చేత చేయించాను. మీవాళ్లు వచ్చి బాబాయిగారు కూర్చుంటారంటే, మీకే ఇష్టం లేదేమో అనుకున్నాను.”

పంచాంగం చేతబట్టుకున్న పెద్దాయనకు లేని పట్టింపు, బ్యాంకులో కంప్యూటరు ముందు కూర్చునే పిల్లకు వచ్చింది. అదీ భక్తితో కాదు, భయంతో కాదు, ముచ్చటకు. మాణిక్యం ఎవరితోనూ ఇంకో మాట అనలేదు. కొట్టుకు వెళ్లి, మిరపపండు రంగు గుడ్డ తాను దించి, తన కొలతకు కత్తిరించుకుంది.

పెళ్లిరోజున ఆమె పసుపు చీరలో హాల్లో అడుగుపెట్టగానే రుచిత పరుగున ఎదురొచ్చింది. “ఆంటీ, మీ చీర…”

“కనబడుతోందిగా” అంటూ మాణిక్యం ఆగకుండా నడిచింది.

మేనమామ సాయిశ్రీని గంపలో తెచ్చి మండపం మీద దించాడు. పెళ్లికొడుక్కీ ఆమెకీ మధ్య అడ్డుతెర పట్టారు. కన్యాదాతలు రావాలని పంతులుగారు పిలిచారు. రామకోటేశ్వరరావు పంచె కుచ్చెళ్లు సర్దుకుని, భార్యతో సహా పీటల మీద కూర్చున్నాడు. అప్పుడు మాణిక్యం మండపమెక్కింది.

“లే, కోటేశ్వరరావూ.”

“వదినా, ఇప్పుడెందుకీ గొడవ? అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. చూడ్డానికేగా ఇంత పందిరి వేసింది.”

సన్నాయి ఆగిపోయింది. కెమెరా అబ్బాయి తీయాలో మానాలో తెలియక రుచిత వంక చూశాడు. తోడికోడలు గబుక్కున లేచి మాణిక్యం మణికట్టు పట్టుకుంది. “రా అక్కా, మనిద్దరం వెళ్లి సోఫాలో కూర్చుందాం” అంటూ కిందికి లాగింది. ఎర్ర గాజులు ఒకదానికొకటి కొట్టుకుని చప్పుడయ్యాయి.

గంపలోంచి రెండు చేతులు చాచి సాయిశ్రీ ఆ గాజులను మూసి పట్టుకుంది.

“మా అమ్మ గాజులు ముట్టుకోవద్దు, పిన్నీ.”

పిన్ని చెయ్యి వదిలేసింది. రామకోటేశ్వరరావు పీట మీదినుంచి లేచి, ఎటు వెళ్లాలో తెలియక స్తంభం పక్కన నిలబడ్డాడు. “అమ్మా, కూర్చోండి, ముహూర్తం దగ్గర పడుతోంది” అన్నాడు పంతులుగారు.

మాణిక్యం కూర్చుంది. పక్క పీట ఖాళీగా ఉంది. కూతురు ఆమె చెయ్యి ఇంకా వదల్లేదు, కాటుక కారి బుగ్గ మీదికి దిగుతోంది. మాణిక్యం అటు చూడలేదు.

“ఇన్నాళ్లకా గుర్తొచ్చింది?” అని, ధార పోయడానికి చెంబు అందుకుంది.